నాయిన ట్రంకు పెట్టె తెరిచే ముందు

మిలట్రీ చేసి వచ్చిన వాళ్ల ఇంట్లో అటక మీదో మంచం కిందో ఒక నల్ల ట్రంకు పెట్టె ఉంటుంది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. నాయిన జీవితాన్ని రాసిపెట్టాలనుకునే వాళ్లు నోట్‌బుక్ కొనే ముందు ఈ పెట్టె దగ్గరికి పోవాలి. ఆయన ఉంటే ఆయన ముందరే తెరవాలి. పోయినంక అయితే దినాలు అయిన వారం లోపల తెరవాలి. ఆ వారం దాటితే పెట్టె పెద్దోడింటికి, మెడళ్లు చిన్నోడింటికి, ఫొటోలు ఆడబిడ్డల ఇంటికి పోతాయి. మళ్లీ ఒక్క చోటికి రావు.

నేల మీద ఉతికిన తెల్ల దుప్పటి పరవండి. మూత తీయగానే దేన్నీ కదపకుండా పైనుంచి ఒక ఫొటో తీయండి. ఒక పొర తీశాక ఇంకొకటి. ఇది చాదస్తం కాదు. తేదీ లేని ఫొటో 1971 నాటి ఉత్తరం మడతలో దొరికిందంటే ఆ రెంటికీ ఏదో లంకె ఉండొచ్చు. వేరువేరు కవర్లలో పడ్డాక ఆ లంకె తెగిపోతుంది. ప్రతి వస్తువు పక్కన నంబరు చీటీ పెట్టి, అదే నంబరు నోట్‌బుక్‌లో రాయాలి. ఉత్తరాన్ని, దాని కవరును ఒకే నంబరు కింద ఉంచండి. ‘కేరాఫ్ 56 ఏపీవో’, ‘99 ఏపీవో’ (ఏపీవో అంటే ఆర్మీ పోస్టాఫీసు) అని వచ్చిన ఉత్తరాల్లో ఊరి పేరు కనపడదు. ముద్రలోని తేదీ, ఫీల్డు పోస్టాఫీసు నంబరే ఆధారం.

తుప్పు పట్టిన గుండుసూదులు, క్లిప్పులు అదే రోజు తీసేయాలి. చిరిగిన చోట సెల్లో టేపు అంటించొద్దు, నాలుగైదేళ్లకు జిగురు పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది. లామినేషన్ అయితే అసలే వద్దు. మన ఊళ్లలో జిరాక్స్ షాపులో ముందు అడిగేది అదే, కానీ వేడికి ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోతుంది, మళ్లీ ఊడదీయలేం. పాత ముద్రలు, సంతకాల సిరా కూడా దెబ్బతింటాయి. విప్పి వేసుకునే ప్లాస్టిక్ ఫైలు కవరు చాలు. ఫొటో వెనక బాల్ పెన్నుతో రాస్తే ముందువైపు గాటు పడుతుంది, మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర రాయండి. ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫొటోను పీకొద్దు, అద్దంతోనే ఫొటో తీయాలి. నీడగా ఉన్న కిటికీ పక్కన పెట్టి, ఫ్లాషు ఆపి, ఎదురుగా నల్ల గుడ్డ పట్టుకుంటే అద్దంలో మన మొహం పడదు.

స్కానర్ దొరికితే కాగితాలకు 300 డీపీఐ, పోస్టుకార్డు సైజు ఫొటోలకు 600, పాస్‌పోర్టు సైజు వాటికి 1200 పెట్టమనండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి. ఫొటోగా పోతే సైజు కోసుకుపోతుంది, పుస్తకంలో అచ్చేస్తే మొహం ముద్దగా వస్తుంది.

మెడళ్లు

మెడళ్లు చేతికి రాగానే కొడుకులు చేసే మొదటి పని బ్రాసో వేసి తోమడం. ఫౌజులో బకిళ్లు, గుండీలు తోమిన మనిషి ఇంట్లో అది సహజమే. కానీ మెడల్‌ను తోమొద్దు. కారణం దాని అంచులో ఉంది. గుండ్రటి మెడల్‌ను పైసా నిలబెట్టినట్టు నిలబెట్టి, గది చీకటి చేసి, ఫోను టార్చిని పక్కనుంచి ఏటవాలుగా కొట్టండి. అంచు చుట్టూ సన్నటి అక్షరాలు తేలుతాయి: నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంటు. తోమే కొద్దీ అరిగిపోయేవి ఇవే. మెడల్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ ఐదారు ఫొటోలు తీస్తే మొత్తం చదవొచ్చు. అక్కడ ‘నాయక్’ అని ఉండి ఆయన హవల్దారుగా రిటైరై ఉంటే తప్పు కాదు, మెడల్ వచ్చిన నాటి ర్యాంకు అది. రిబ్బన్లకు ఎండ తగలనీయొద్దు, రంగు వెలిసిపోతే ఏ మెడలో పోల్చుకోవడం కష్టం.

మెడళ్ల వరసను బట్టే కొలువు కాలం సగం తెలుస్తుంది. 1965లో యుద్ధం జరిగిన చోట ఉన్నవాళ్లకు సమర్ సేవా స్టార్, ఆ కాలంలో కొలువులో ఉన్నవాళ్లకు రక్షా మెడల్. 1971లో పడమర సరిహద్దుకు పశ్చిమీ స్టార్, తూర్పుకు పూర్వీ స్టార్, వాటితో పాటు సంగ్రామ్ మెడల్. సంగ్రామ్ ఒక్కటే ఉండి స్టార్ లేకపోతే ఆ యుద్ధంలో ఆయన వెనక డిపోలోనో ట్రైనింగ్ సెంటర్లోనో ఉండి ఉంటాడు. అది చిన్నతనం ఏమీ కాదు, ఉన్నదున్నట్టు రాయండి. స్వాతంత్ర్యానికి 25 ఏళ్లయిన మెడల్ ఉంటే 1972 ఆగస్టులో, 50 ఏళ్ల మెడల్ ఉంటే 1997 ఆగస్టులో యూనిఫాంలో ఉన్నట్టే. 9 ఏళ్లు, 20 ఏళ్ల సర్వీసు మెడళ్లు వేరుగా ఉంటాయి. సైన్య సేవా మెడల్ రిబ్బను మీద అడ్డంగా చిన్న పట్టీ ఉంటే దాని మీది మాట చదవండి. జమ్మూకశ్మీరా, హిమాలయమా, నేఫానా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) అన్నది అదే చెబుతుంది.

డిశ్చార్జి బుక్కు

అన్నింటికన్నా విలువైన కాగితం ఇదే. భర్తీ అయిన తేదీ, వదిలిన తేదీ, కారణం, ట్రేడు, నడవడి మీద ఒక మాట, ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా ఇందులో ఉంటాయి. రెండు తప్పులు మాత్రం కనిపెట్టాలి. ఒకటి పుట్టిన తేదీ. జులై 1 అని ఉంటే బడిలోనో భర్తీలోనో అందాజాగా వేసింది కావొచ్చు. అమ్మను, మేనత్తను అడిగి ‘మిరుగు ముందరా వెనకా’ (మిరుగు అంటే మృగశిర కార్తె) అన్నది పక్కన రాసుకోండి, రెండూ ఉంచండి. రెండోది పేరు. భర్తీ చేసుకున్న క్లర్కుకు మన ఇంటిపేర్లు తెలియవు. ఇంటిపేరు ఎగిరిపోవడం, తండ్రి పేరు ఈయన పేరులో కలవడం, ఎల్లయ్య కాస్తా ‘యల్లాయా’ కావడం మామూలే. ఆధార్‌లో ఒక పేరు, పీపీవోలో (పెన్షన్ మంజూరు కాగితంలో) ఒక పేరు ఉండి అమ్మ ఫ్యామిలీ పెన్షన్ ఆగిందంటే మూలం తరచూ ఇక్కడే దొరుకుతుంది. పుస్తకం సంగతి పక్కన పెట్టి ముందు అది సరిచేయించండి, సైనిక సంక్షేమ కార్యాలయంలో ఏ ఫారం కావాలో చెబుతారు.

డిశ్చార్జి బుక్కులో పోస్టింగులన్నీ ఉండవు. అవి షీట్ రోల్‌లో ఉంటాయి, అది రికార్డ్స్ ఆఫీసులో ఉంటుంది. ఏ రికార్డ్స్ అన్నది ఆయన రెజిమెంటును బట్టి: మద్రాస్ రెజిమెంటు అయితే వెల్లింగ్టన్, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, మద్రాస్ సాపర్లు (ఆర్మీ ఇంజనీర్లు) అయితే బెంగళూరు, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్. ఈఎంఈ (బండ్లు, ఆయుధాలు బాగుచేసే విభాగం), ఆర్డ్‌నెన్స్ (సామాన్లు, మందుగుండు సరఫరా చేసే విభాగం) వాళ్లవి సికింద్రాబాద్‌లోనే. నాయిన ఉంటే ఆయన సంతకంతో, లేకపోతే అమ్మ సంతకంతో, డిశ్చార్జి బుక్కు మొదటి పేజీలు, పీపీవో నకళ్లు జతచేసి స్పీడ్ పోస్టులో పంపాలి. సమాచార హక్కు కింద 10 రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి కూడా అడగొచ్చు గానీ, కొడుకు పేరు మీద అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపే వీలుంది. అడగాల్సింది ‘మా నాయిన వివరాలు’ అని కాదు. యూనిట్లు, తేదీలతో పోస్టింగుల పట్టిక, మెడళ్ల జాబితా, పార్ట్ టూ ఆర్డర్ల నకళ్లు అని విడివిడిగా రాయాలి. పెళ్లి, పిల్లల పుట్టుక ఎక్కేది పార్ట్ టూ ఆర్డర్లలోనే. పెన్షన్ రాకుండా మధ్యలో వచ్చేసిన వాళ్ల కాగితాలు కొన్నేళ్లకు తీసేస్తారు, లాంగ్ రోల్ అనే చిట్టాలో ఒక వరస మాత్రం మిగులుతుంది. ఆ ఒక్క వరసైనా తెప్పించుకోండి.

తాత కూడా నిజాం కాలంలో సిపాయిగానో చప్రాసీగానో చేసి ఉంటే ఉర్దూ కాగితాలు బయటపడతాయి. వాటి మీది ఏడాది ఫసలీ, అంటే నిజాం రాజ్యంలో శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన సంవత్సరం వస్తుంది. హైదరాబాద్ ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది కనుక ఎక్కువ నెలలు 591 కలిపిన ఏడాదిలో పడతాయి. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు 1357 ఫసలీ చివరి రోజులు.

అడగడం

‘యుద్ధం ఎట్ల ఉండె నాయినా?’ అంటే ‘ఏముంటదిరా, అందరితోపాటు మేము’ అంటాడు, మాట అక్కడ ఆగిపోతుంది. చేతిలో వస్తువు పెట్టి అడగాలి. మెస్ టిన్ను చేతికిచ్చి ‘ఇందుల ఏం పోసేటోళ్లు?’ అనండి. లంగర్ (ఫౌజు వంటిల్లు) నుంచి మొదలై చలి దాకా, చలి నుంచి పక్క బంకర్లోని మనిషి దాకా ఆయనే పోతాడు. రైల్వే వారెంటు చూపించి ఏ స్టేషన్లో బండెక్కాడో, ఎన్ని చోట్ల మారాడో అడగండి. మహబూబ్‌నగర్ మీదుగా పోయే లైను ఒకప్పుడు మీటరు గేజి, సికింద్రాబాద్‌లో దిగి పెద్ద బండి ఎక్కాల్సిందే. ట్రంకు నెత్తిన పెట్టుకుని ఆ ప్లాట్‌ఫారం మారిన సంగతి చాలామందికి యుద్ధం కన్నా బాగా యాదికుంటుంది.

‘ఎంతమందిని చంపినవ్’ అని మనవళ్లు అడుగుతారు. ముందే చెప్పి ఆపండి. ఆయన ఒకచోట మాట ఆపి గోడ వైపు చూస్తే ఇంకో ప్రశ్న వేయొద్దు, ఫోను ఆపొద్దు కూడా. ఆ రాత్రి నిద్ర పట్టలేదని అమ్మ చెబితే ఆ విషయం మళ్లీ ఎత్తొద్దు.

రికార్డు చేసేటప్పుడు ఫోనును మడిచిన తువ్వాలు మీద, నోటికి జానెడున్నర దూరంలో పెట్టండి. స్టీలు బల్ల మీద పెడితే గ్లాసు కదిలినా చప్పుడు పడుతుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, ఫ్యాను ఆపాలి. అందుకే తెల్లారుజామున చాయ్ తాగాక కూర్చోవడం మేలు, ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను ఆపితే ఎవరూ కూర్చోరు. ఒక్కోసారి 40 నిమిషాలు చాలు. మొదట్లో తేదీ, ఊరు, ఎవరెవరున్నారో పలకాలి. ఫౌజీ మాటల్ని తెలుగు చేయొద్దు. చుట్టీ, ఫాలిన్, పిట్టు, కోత్, ఉస్తాద్ అని ఆయన ఎట్లా అంటే అట్లనే రాసి, చివర్లో ఒక పేజీలో అర్థాలివ్వండి.

తేదీ తేలనప్పుడు ఊరందరికీ తెలిసిన గుర్తులతో కట్టాలి. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 కరువు అందరూ చెప్పేవే. ఇంకా బాగా పనికొచ్చేవి రెండున్నాయి. స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం మీద పడుతుందని ఊళ్లు బెదిరిపోయింది 1979 జులైలో. పట్టపగలు చీకటి పడ్డ సంపూర్ణ సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16న, మన తెలంగాణ జిల్లాల మీదుగానే పోయింది. ‘చీకటి పడ్డనాడు నాయిన ఇంట్ల ఉండెనా, డ్యూటీల ఉండెనా?’ అంటే అమ్మ తడుముకోకుండా చెబుతుంది. పట్వారీలు పోయింది 1984, మండలాలు వచ్చింది 1985.

పని

ఇళ్లల్లో రాసే పుస్తకాలు ఇక్కడే దెబ్బతింటాయి. పదిహేనేళ్ల మిలట్రీకి ఇరవై పేజీలు ఇచ్చి, ఆ తర్వాతి ముప్పై ఏళ్ల కష్టాన్ని ‘తర్వాత వ్యవసాయం చేసుకున్నాడు’ అని ఒక్క ముక్కలో తేలుస్తారు. ఆయన కాళ్లు చేతులు అరిగింది ఈ ముప్పై ఏళ్లలో.

ఆర్టీసీ, బ్యాంకు వాచ్‌మన్, సిమెంటు ఫ్యాక్టరీ సెక్యూరిటీ లాంటి రెండో కొలువు అయితే పీఎఫ్ చిట్టీలు, ఐడీ కార్డు, జీతం స్లిప్పు దొరుకుతాయి. మాజీ సైనికుల కోటాలో భూమి వస్తే పట్టా సర్వే నంబరు రాసుకోండి. గుంపు మేస్త్రి కింద వలస పోయిన పాలమూరు కూలీకి మాత్రం కాగితం ముక్క మిగలదు, అంతా నోటి లెక్క. ఈ వరసలో అడగండి: మేస్త్రి ఎవరు, ముందస్తు ఎంత ఇచ్చాడు, గుంపులో ఎంతమంది, ఏ ప్రాజెక్టు, దసరా అయినంక పోయారా, మిరుగుకు తిరిగొచ్చారా, గుడిసె దేంతో వేశారు, పని ఎట్లా కొలిచారు. మట్టి పనిలో గుంత నడుమ తవ్వకుండా ఒక దిబ్బ వదిలేవాళ్లు, మొదటి నేల మట్టం అదే కనుక లోతు దాన్నుంచే కొలిచేది. ఆ దిబ్బ మీద మేస్త్రికీ కూలీలకూ ఎంత తగాదా పడేదో అడిగి చూడండి, ఒక అధ్యాయం వస్తుంది. కూలి డబ్బులు రాసినప్పుడల్లా పక్కన ఏడాది, ఆనాటి శేరు బియ్యం ధర రాయాలి. లేకపోతే ‘రోజుకు రెండు రూపాయలు’ అంటే మనవడికి నవ్వులాట.

నాగార్జున సాగర్ డ్యాం మీద పనిచేశాడంటే ఏ పని అన్నది తేల్చండి. శంకుస్థాపన 1955 డిసెంబరు 10, కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4. అది రాతి కట్టడం. రాయి కొట్టడం, మోయడం, పేర్చడం, మాలు కలపడం వేరువేరు గుంపులు చేసేవి. ‘డ్యాం కట్టిండు’ అని రాస్తే ఏమీ చెప్పనట్టే. ఆయన సమ్మెట ఇంట్లో ఉంటే తూకం వేసి, పిడి పొడవు కొలిచి, చెయ్యి పట్టిన చోట ఎంత అరిగిందో దగ్గర్నుంచి ఫొటో తీయండి. నాగలి, మగ్గం నాడె, మోట గిరక, ఏది ఉంటే దానికి అంతే.

చెరువు, వాగు, అడవి

దీన్ని కూర్చోబెట్టి అడిగితే రాదు, ఆయనతో నడవాలి. నడవగలిగితే పొద్దున్నే చెరువు కట్ట మీదికి తీసుకపోండి. తూము, మత్తడి (అలుగు), శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే నేలలో) ఎక్కడ ఏ చేప దొరికేదో ఆయన వేలు చూపిన చోట ఫోను మ్యాపు మీద కాసేపు నొక్కి పెడితే అంకెలు వస్తాయి, అవి రాసుకోండి. ఊరి మ్యాపుల్లో లేని పేర్లు నాయిన నోట్లో ఉంటాయి: ఏ ఒర్రెను ఏమంటారు, ఏ గుట్టకు ఎవరి పేరు, ఏ చెల్క పక్కన కుందేళ్ల దారి. నెలలు అడగొద్దు, కార్తెలు అడగండి. మిరుగుకు మొదటి వరద వచ్చి చేప ఎదురెక్కడం, మత్తడి దుంకినప్పుడు బుట్టలు పెట్టడం ఆయన లెక్కలో కార్తెలతోనే ఉంటాయి. కొర్రమట్టకు ఏ ఎర, జెల్లకు ఏ ఎర, గాలానికి బెండు దేంతో చేసేవాడు, ఎర్రలు ఎక్కడ తవ్వేవాడు, ఇవన్నీ రాయదగ్గవే.

విసురు వల ఉంటే దాన్ని ఒక రోజంతా పెట్టుకోండి. వల కన్ను ఎన్ని వేళ్లు పడుతుందో, నడిమి నుంచి అంచు దాకా పొడవెంతో, అంచుకు సీసం గుండ్లు ఎన్నో, తాడు ఎన్ని బారలో లెక్కపెట్టండి. ఆ తర్వాత విసరడం వీడియో తీయాలి. తాడు కొస మణికట్టుకు ముడేయడం, తాడును చుట్టలుగా అరచేతిలోకి తీసుకోవడం, వలలో ఒక భాగం మోచేతి మీద వేసుకోవడం, మిగిలింది రెండో చేతికి పంచుకోవడం, నడుము తిప్పి వదలడం. ఒకసారి పక్కనుంచి, ఒకసారి వెనకనుంచి తీస్తేనే చేతుల పని అర్థమవుతుంది. ఎదురుగా తీస్తే వల గుండ్రంగా విచ్చుకోవడం అందంగా పడుతుంది గానీ నేర్చుకునేవాడికి అది పనికిరాదు. వయసు మీదపడి నీళ్ల దగ్గర నిలబడలేకపోతే ఇంటి వాకిట్లోనే విసరమనండి. వలను బాగా ఆరబెట్టి, ఎలుకలు అందుకోని ఎత్తులో దూలానికి వేలాడదీయండి.

వేట సంగతులు జాగ్రత్తగా రాయాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. అంతకు ముందరివీ, తర్వాతివీ కలిపి గొప్పగా రాస్తే ఇబ్బంది ఇంటికే వస్తుంది. దుప్పి కొమ్ములు, జింక తోలు పెట్టెలో దొరికితే ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు, అమ్మొద్దు. వాటికి సర్టిఫికెట్ ఉందో లేదో చూసుకుని అటవీ శాఖ వాళ్లతో మాట్లాడండి. లైసెన్సు తుపాకీ ఉన్న మనిషి పోతే ఆలస్యం చేయకుండా ఠాణాలో జమ చేసి రసీదు తీసుకోవాలి. వారసుల పేరు మీద మార్చుకోవడం ఆ తర్వాతి ముచ్చట. అమ్రాబాద్, మన్ననూరు వైపు ఆయన తిరిగిన దారులు చూడాలంటే లోపలికి సొంతంగా పోవద్దు, అది ఇప్పుడు పులుల అభయారణ్యం, అనుమతి కావాలి. మొర్రి పండ్లు, తునికి ఆకు, తేనె గురించి ఆయనకు తెలిసింది చెంచుల దగ్గర నేర్చుకున్నదైతే ఆ మాట కూడా రాయండి.

అచ్చు

ఏ5 సైజులో 32 పేజీల పుస్తకం చాలు. నడుమ పిన్ను కొట్టేదైతే పేజీలు నాలుగు చొప్పున లెక్క పడాలి, 30 అయితే రెండు ఖాళీ పేజీలు మిగులుతాయి. అక్షరం 12 పాయింట్ల కన్నా తగ్గించొద్దు, చదివేది ఆయన ఈడు వాళ్లు. డీటీపీ వాళ్లు చాలామంది ఇంకా అను ఫాంట్లలో కొడతారు. అది ఆ కంప్యూటర్లో బాగుంటుంది, ఫోనులోకి వచ్చేసరికి పిచ్చి గీతలవుతుంది. యూనికోడ్‌లో కొట్టి ఫైలు కూడా ఇవ్వమని బయానా ఇచ్చే ముందే మాట్లాడుకోండి. ఫొటోలు 70 జీఎస్‌ఎం కాగితం మీద వేస్తే వెనక అక్షరాలు కనపడతాయి, ఫొటో పేజీలకు మందం కాగితం వేయించాలి.

ఫ్లెక్సీ షాపు దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. నాయిన మొహం కోసి, కంప్యూటర్లో ఉన్న ఏదో యూనిఫాం మీద అతికిస్తారు. భుజాల మీద నక్షత్రాలు, ఛాతీ నిండా రిబ్బన్లు, హవల్దారు ఒక్క పూటలో కర్నల్ అయిపోతాడు. సంవత్సరీకానికి వచ్చిన ఆయన యూనిట్ దోస్తులు చూసి ఏమీ అనరు, తల దించుకుని చాయ్ తాగి పోతారు. పెట్టెలోని పాత నలుపు తెలుపు ఫొటోనే పెద్దది చేయించండి, ఎంత గరుకుగా ఉన్నా సరే.

మొదటి నకలును పెత్రమాసకు (పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్యకు) అందరూ కలిసినప్పుడు అమ్మకు, బాబాయిలకు, మేనత్తలకు చదివి వినిపించండి. తప్పులు అప్పుడే బయటపడతాయి. ఆ తర్వాతే 40, 50 కాపీలు కొట్టించాలి. స్కాన్లు, రికార్డింగులు మూడు చోట్ల ఉండాలి: ఇంట్లో హార్డ్ డిస్కులో, ఇంకో ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర పెన్ డ్రైవులో, ఆన్‌లైన్ ఖాతాలో. ఏడాదికోసారి తెరిచి ఫైళ్లు పలుకుతున్నాయో లేదో చూడండి.

పెట్టెను రెండు ఇటుకల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి, చెద గోడ వెంటే వస్తుంది. కలరా ఉండలను గుడ్డలో కట్టి, మెడళ్లు, ఫొటోలు ఉన్న కవర్లకు తగలకుండా మూలకు వేయాలి. ఏ నంబరు చీటీ దేనిదో రాసిన జాబితా ఒకటి మూత లోపలివైపు అంటించండి. పైన ఉన్న తెల్ల పెయింటు పేరు వెలిసిపోయినా దాని మీద మళ్లీ పెయింటు వేయొద్దు.